రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు

మన ప్రాంతపు చరిత్ర గ్రంథములలో కంటె ఊళ్ళ పేర్లలో ఎక్కువగా నిలిచి ఉన్నది. కృష్ణకు ఉత్తరమున జగ్గయ్యపేట కలదు. దక్షిణమున అచ్చంపేట కలదు. అమరావతికి సమీపమున నరుకుళ్ళపాడు అను పల్లె కలదు. మొదటి పేరు ఒక కుమారుడు తన తండ్రి స్మృతికి అర్పించినది. రెండవది తల్లి స్మృతికి అర్పించినది. మూడవ పేరు ఎవరును ఎవరికిని అర్పించినది కాదు. జనులే పెట్టుకొని, తరతరములుగా మరువక నిలుపుకొన్నది. ఈ మూడు పేర్లకును కారణమైన వ్యక్తి ఒక్కరే. వారే చింతపల్లి, అమరావతి నగరముల నుండి సంస్థానము నేలిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు.

ఇట్టి సంచికలలో గతించిన మహనీయులను గూర్చి వ్రాయునపుడు వారి గుణములనే ఎంచి, తక్కినవి విడిచిపెట్టుట పరిపాటి. నాయుడుగారి విషయమున ఆ పద్ధతి చెల్లదు. వారి దాతృత్వమును చెప్పి క్రౌర్యమును దాచినచో మంగళగిరి గోపురము మాత్రమే కనబడును. క్రౌర్యమును చెప్పి దాతృత్వమును దాచినచో నరుకుళ్ళపాడు మాత్రమే మిగులును. రెండును ఒకే చేతి పనులు. కనుక ఈ వ్యాసమున రెంటిని చెప్పుటకే పూనుకొంటిని.

వంశము - కాలము

వెంకటాద్రి నాయుడుగారు 1761వ సంవత్సరమున జన్మించిరి. తండ్రి జగ్గన్నగారు, తల్లి అచ్చమ్మగారు. తండ్రి నాయుడుగారి బాల్యముననే గతింపగా, పినతండ్రి రామన్నగారు సంస్థాన వ్యవహారములు చక్కబెట్టిరని చెప్పుదురు. 1783లో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, జమీందారీ వెంకటాద్రి నాయుడుగారి చేతికి వచ్చెను. కృష్ణకు ఇరుప్రక్కల వ్యాపించిన ఆ సంస్థానమున 552 గ్రామములు ఉండెనని ప్రతీతి. రాజధాని కృష్ణకు దక్షిణపు గట్టున ఉన్న చింతపల్లి.

ఆనాటి జమీందారు అనగా ఏమియో నేటి పాఠకులకు కొంత విప్పి చెప్పవలసి ఉన్నది. అతడు భూస్వామి మాత్రమే కాదు. పల్లెలలో పండిన పంటలో సర్కారు భాగమును రాబట్టి, అందులో నిర్ణయమైన మొత్తమును పేష్కషు అను పేరుతో పైప్రభువునకు చెల్లించి, మిగిలిన దానితో సంస్థానమును నడుపుకొనువాడు. అతనికి కోట ఉండెడిది, బంట్లు ఉండెడివారు, ఏనుగులు గుర్రములు ఉండెడివి. దొంగలను పట్టుట, తగవులు తీర్చుట, చెరువులు త్రవ్వించుట, పండితులను పోషించుట అతని పనులే. పైప్రభువు బలవంతుడైనచో జమీందారు వినయముగా ఉండును. పైప్రభువు బలహీనుడైనచో తానే రాజగును.

నాయుడుగారి నాటి పైప్రభువు ఎవరు? ఇచ్చటనే చిక్కు ఉన్నది. ఉత్తర సర్కారులలో గుంటూరు తప్ప తక్కిన భాగము 1766 మొదలు ఈస్టిండియా కుంపిణీ వశమయ్యెను. గుంటూరు సర్కారు మాత్రము నిజాము సోదరుడైన బసాలత్ జంగు జీవితాంతము అతని క్రిందనే ఉండునట్లు 1768లో ఒడంబడిక జరిగెను. బసాలత్ జంగు 1782లో మరణించెను. అయినను నిజాము వెంటనే గుంటూరును విడువలేదు. 1788లో గాని అది కుంపిణీ చేతికి రాలేదు. కాబట్టి నాయుడుగారు పట్టమునకు వచ్చిన తొలి దినములలో ఏటికి ఆవలి గట్టున ఒక దొర, ఈవలి గట్టున ఒక నవాబు. ఇద్దరికిని కప్పము కట్టవలెను. ఇద్దరిలో ఎవరు నిలుతురో తెలియదు. నిజాము దర్బారు నుండి మన్నె సుల్తాను అను బిరుదు వారి వంశమునకు దక్కినది. మచిలీపట్టణపు దొరలతోను ఉత్తర ప్రత్యుత్తరములు జరుపవలసియే ఉండెను. యౌవనమున వారు నేర్చిన రాజనీతి ఇదియే.

ఇంగ్లండు దేశమున ఎలిజబెత్తు రాణి నాటి నుండి ఇట్టి పల్లెటూరి పెద్దమనుషుల తరగతి ఒకటి ఉండెను. వారును భూములు గలవారు, తమ తాలూకాలలో తగవులు తీర్చువారు, గొప్ప ఇండ్లు కట్టించువారు. అయితే వారికి పార్లమెంటు అను సభ ఉండెను. రాజు తమ సమ్మతి లేక ధనము గుంజినపుడు వారు సభలో కూడి, 1628లో హక్కుల విజ్ఞప్తి అను శాసనమును రాజుచే ఒప్పించుకొనిరి. మన జమీందారులకు అట్టి సభ లేదు. కప్పము హెచ్చినపుడు వారికి ఉన్న మార్గములు రెండే: అర్జీ పెట్టుకొనుట, లేదా కత్తి దూయుట. మూడవ మార్గమును వెదకిన వారిలో వెంకటాద్రి నాయుడుగారు ఒకరు. ఆ మార్గమేదో ముందు చెప్పెదను.

నరుకుళ్ళపాడు

చింతపల్లి రోజులలో జరిగినట్లు చెప్పబడు ఘోరకృత్యమును ముందుగా చెప్పుట న్యాయము. సంస్థానమునకు పడమరగా నల్లమల అడవుల అంచు. ఆ వైపున నివసించు చెంచులు పల్లెలపై పడి దోచుచుండిరనియు, బాటసారులకు భద్రత లేకపోయెననియు నాటి ఫిర్యాదు. అడవి మనుషులు పల్లెలపై పడుటకు వారి ఆకలి ఎంతవరకు కారణమో ఆనాడు విచారించినవారు లేరు. నాయుడుగారు వారిని అణచుటకు చేసిన ప్రయత్నములు ఫలింపలేదట. అప్పుడు వారు చెంచులను విందునకు పిలిపించిరి. వచ్చినవారు 150 మంది అని ఒక మాట. అంతకు ఎన్నో రెట్లు అని వేరొక మాట. పిలిచిన చేతితోనే వారిని పట్టించి, వరుసగా నిలిపి, తలలు నరికించిరని కథ. ఆ నరికిన చోటు నరుకుళ్ళపాడు అయినదని జనులు చెప్పుకొందురు.

దొంగతనమునకు శిక్ష ఉండవలసినదే. కాని అతిథిగా పిలిచి చంపుట ఏ ధర్మశాస్త్రమును అంగీకరింపదు. మన పల్లెలలో పగవాడైనను గడప దాటి లోపలికి వచ్చినచో మంచినీళ్ళిచ్చి పంపుదురు. ఆ కట్టుబాటును సంస్థానాధీశుడే త్రెంచెను గనుకనే జనులు ఆ పేరును మరువలేదు. పన్నులు హెచ్చించిన ప్రభువులను మరచిరి, యుద్ధములు చేసినవారిని మరచిరి, దీనిని మరువలేదు.

ఆ పిమ్మట నాయుడుగారికి మనశ్శాంతి లేకపోయెనని అదే కథ చెప్పుచున్నది. భోజనమునకు కూర్చున్నచో విస్తరిలోని అన్నము పురుగులై కనబడెడిదట. ఎన్ని శాంతులు చేయించినను ఆ బాధ తీరలేదు. తుదకు అమరేశ్వరుని సన్నిధికి చేరి అచ్చటనే నివాసమేర్పరచుకొన్న తరువాత గాని అన్నము అన్నముగా కనబడలేదట. పురుగుల మాట నిజమో కాదో విచారించుట వ్యర్థము. విందు పెట్టి చంపిన వానికి విందే నరకమైనదని జనులు తీర్చిన తీర్పు అది. కచ్చేరీలో విచారణ జరుగని నేరమునకు కథయే విచారణ అయినది.

అమరావతికి రాక

1796 ప్రాంతమున నాయుడుగారు చింతపల్లిని విడిచి అమరావతిని తమ నివాసముగా చేసికొన సంకల్పించిరి. దీనికి రెండు కారణములు చెప్పుదురు. ఒకటి పైన చెప్పిన పశ్చాత్తాపము. రెండవది రాజకీయము. కుంపిణీ వారు జమీందారుల బంట్లను తగ్గింపుడని ఒత్తిడి చేయుచుండిరి. కుంపిణీ సైనికులు చింతపల్లి కోటలో అడుగిడుట చేత తమ మర్యాదకు భంగము కలిగెనని నాయుడుగారు కినిసిరనియు, ఆ కోటలో ఇక ఉండనొల్లక కదలిరనియు చెప్పుదురు.

ఆ కాలపు పరిస్థితిని గమనించినచో రెండవ కారణము ఎంత బలవత్తరమో తెలియును. 1794 జూలై 10వ తేదీన విజయనగర ప్రభువు చిన విజయరామరాజుగారు పద్మనాభము వద్ద కుంపిణీ సైన్యముతో తలపడి ప్రాణములు కోల్పోయిరి. అచ్చటి తగవును పేష్కషు బకాయిలను గూర్చియు, సైన్యమును తగ్గించుటను గూర్చియు పుట్టినదే. సర్కారులలోని జమీందారులందరికి అది హెచ్చరిక. కత్తి దూసిన వాని గతి ఏమగునో నాయుడుగారు చూచిరి. వారు కత్తి దూయలేదు. కోటను విడిచిపెట్టి దేవుని ఊరికి తరలిరి. కోటలు కట్టుట మాని గోపురములు కట్ట మొదలిడిరి. సైనికుల మీద వెచ్చించు ధనమును శిల్పుల మీద వెచ్చించిరి. గోపురము కట్టువానిని ఏ దొరయు శంకింపడు. జనుల దృష్టిలో మాత్రము గోపురము కట్టినవాడే రాజు. ఇదియే నేను ముందు చెప్పిన మూడవ మార్గము.

పశ్చాత్తాపమా, రాజనీతియా అని ఇప్పుడు తేల్చుట కష్టము. మనిషి ఒక పనిని ఒకే కారణమున చేయుట అరుదు. రెండును నిజమై ఉండవచ్చును.

అమరావతి అప్పటికి చిన్న గ్రామము. పంచారామములలో ఒకటియైన అమరేశ్వరాలయము కృష్ణ ఒడ్డున ఉండెను గాని పూర్వవైభవము లేదు. నాయుడుగారు ఆలయమును బాగు చేయించిరి. వీధులు తీర్పించిరి. వర్తకులను, వృత్తులవారిని, పండితులను రప్పించి స్థలములిచ్చిరి. తమకు నగరు కట్టించుకొనిరి. ఆస్థాన కవియైన ములుగు పాపయారాధ్యులుగారు దేవీభాగవతమును తెనిగించి ప్రసిద్ధులైరి. నేడు మనము చూచు అమరావతి పట్టణమునకు నాడు పడినదే పునాది.

దీపాలదిన్నె

అమరావతి నిర్మాణములో నాయుడుగారు తెలియక చేసిన పని ఒకటి ప్రపంచ చరిత్రకు ఎక్కినది. ఊరికి సమీపమున దీపాలదిన్నె అను పెద్ద మట్టిదిబ్బ ఉండెను. కొత్త కట్టడములకు ఇటుకలు, రాళ్ళు కావలసి వచ్చి పనివారు దానిని త్రవ్విరి. లోపల నుండి పెద్ద ఇటుకలును, బొమ్మలు చెక్కిన తెల్లని పాలరాతి పలకలును బయటపడెను. నిక్షేపమేదైన దొరకునేమో అను ఆశ కూడ త్రవ్వకమునకు తోడయ్యెను. అది సుమారు రెండువేల ఏండ్ల క్రిందట ధాన్యకటకమున వెలసిన బౌద్ధ మహాచైత్యమని అచ్చటివారెవరికిని తెలియదు. శాతవాహనుల కాలమున మహోన్నతమైన స్తూపము అది. మరపున పడి దిబ్బయై, దీపాల పేరు మాత్రము మిగిలినది.

1797లో కాలిన్ మెకంజీ దొర ఈ త్రవ్వకముల వార్త విని అమరావతికి వచ్చి చూచెను. ఆయన సర్వే ఉద్యోగి; మన దేశపు కైఫీయతులను, శాసనములను సేకరించుటలో ఏలూరు వారైన కావలి సోదరులు ఆయనకు కుడిభుజమైరి. చూచిన దానిని గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము 1807లో అచ్చయ్యెను. 1816లో ఆయన తిరిగి వచ్చునప్పటికి దిబ్బ నడిభాగము త్రవ్వి కోనేరుగా మార్చబడి ఉండెను. పలకలు కొన్ని ఆలయపు మెట్లలో, కొన్ని చెరువు కట్టలలో చేరెను. మరికొన్ని సున్నమునకై కాల్చబడెను. మిగిలిన వానిని మెకంజీ తన చిత్రకారులచే ఓపికగా గీయించెను. కొన్ని శిల్పములను గూర్చి నేడు మనకు తెలిసినది ఆ చిత్రముల వలననే.

1845లో వాల్టర్ ఎలియట్ మరల త్రవ్వించి పలకలను మదరాసునకు పంపెను. అందులో పెక్కు తరువాత లండను చేరి బ్రిటిష్ మ్యూజియమున ఉన్నవి. కొన్ని చెన్నై మ్యూజియమున, కొన్ని అమరావతి మ్యూజియమున ఉన్నవి. అమరావతి శిల్పము అను పేరు లోకమంతట వ్యాపించినది. నాయుడుగారు ఇటుకలకై ఆ దిబ్బను త్రవ్వింపకున్నచో స్తూపము మరి కొంతకాలము భద్రముగ ఉండెడిది, కాని ఎవరికిని తెలియకుండెడిది. త్రవ్వించుటచే తెలిసినది, తెలిసిన క్షణముననే శిథిలమైనది. ఇందుకు వారిని నిందించుటయు, పొగడుటయు సరికాదు. ఆనాడు పాత రాయి అనిన పనికివచ్చు రాయి అనియే అర్థము. ఈనాటికిని పాత గుడిరాళ్ళు గోడలలో కలిసిపోవుట మనము చూచుచున్నదే.

గోపురములు - దానములు

నాయుడుగారి నిర్మాణములలో తలమానికము మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి ఆలయపు తూర్పు గోపురము. 1807 మొదలు 1809 వరకు కట్టబడిన ఈ గోపురమునకు పదకొండు అంతస్తులు. ఎత్తు 153 అడుగులు. వెడల్పు 49 అడుగులు. అంత ఎత్తునకు అడుగు వెడల్పు స్వల్పము గనుక కట్టుట మిక్కిలి దుస్సాధ్యము. పూర్తి కావచ్చినపుడు గోపురము ఒక వైపునకు వాలెననియు, కంచి నుండి వచ్చిన స్థపతుల సలహాపై ఎదుట కోనేరు త్రవ్వింపగా నిటారుగా నిలిచెననియు అచ్చట చెప్పుదురు. విజయవాడ నుండి గుంటూరు వచ్చు బాటసారికి ఊరి కంటె ముందుగా కనబడునది ఆ గోపురమే.

చేబ్రోలు నాయుడుగారికి ప్రీతిపాత్రమైన వేరొక స్థలము. కాకతి గణపతిదేవుని సేనాని, నృత్తరత్నావళి కర్తయైన జాయపసేనాని ఏలిన ప్రాచీన పట్టణమది. అచ్చట కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ ఆలయమును నాయుడుగారు కట్టించిరి. లింగమునకు నాలుగు ప్రక్కల బ్రహ్మమూర్తి నిలిచిన ఇట్టి ఆలయము మన దేశమున అరుదు. 108 ఆలయములలో ధ్వజస్తంభములు నిలిపిరనియు, తులాభారము తూగి ఆ బంగారమును దానము చేసిరనియు చెప్పుదురు. తండ్రి పేర జగ్గయ్యపేటను, తల్లి పేర అచ్చంపేటను నెలకొల్పిరి.

ఈ ధనమంతయు ఎచ్చట నుండి వచ్చినది? ఈ ప్రశ్న అడుగక జమీందారుల కథ ముగించుట రైతులకు అన్యాయము చేయుట. బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తియైనది. నాగార్జున సాగరు నీరు 1967లో పారినది. నాయుడుగారి నాడు రెండును లేవు. మన నల్లరేగడి నేలలలో వానను నమ్మి జొన్న, వరిగ, ప్రత్తి పండించెడివారు. వాన వచ్చినచో పంట, లేనిచో పస్తు. కళ్ళములో కుప్ప నూర్చి రాశి పోసిన వెంటనే సర్కారు భాగము ముందుగా తీయబడెడిది. రైతు భాగము పిమ్మట. కాపు ఎండలో మోసిన బస్తాయే చివరకు శిల్పి ఉలి చేరినది. మంగళగిరి గోపురమునకు నమస్కరించునపుడు అది కట్టించిన చేతితో పాటు పండించిన చేతులను గూడ తలచుట మన విధి.

1802లో కుంపిణీ వారు శాశ్వత పైసలా అను ఏర్పాటును తెచ్చిరి. జమీందారు రాబడిని అంచనా వేసి, అందులో దాదాపు మూడింట రెండు వంతులు ఎప్పటికిని మారని పేష్కషుగా నిర్ణయించిరి. చెల్లించినంత కాలము జమీందారీ వంశపారంపర్యము, తప్పినచో వేలము. చూచుటకు ఇది భద్రతగా తోచును. కాని వాన మారును, పంట మారును, పేష్కషు మారదు. గుంటూరు సీమలోని జమీందారీలన్నిటి మెడకు నాడు పడిన ఉరి అది. నాయుడుగారు సమర్థులు గనుక, కూడబెట్టిన ధనము గలవారు గనుక, తమ జీవితకాలమున బిగియకుండ చూచుకొనిరి.

ఇద్దరు దత్తపుత్రులు

అంతటి సంపద గల నాయుడుగారికి ఔరస సంతానము లేదు. 1798లో జగన్నాథబాబుగారిని దత్తత చేసికొనిరి. ఆయన ఉండగనే 1807లో రామనాథబాబుగారిని గూడ దత్తత చేసికొనిరి. ఒక పుత్రుడు జీవించి ఉండగా వేరొక పుత్రుని దత్తత చేసికొనుట శాస్త్రసమ్మతమా కాదా అని ఆనాడు రాజుగారి ఎదుట గట్టిగా అడిగినవారు ఉండిరో లేదో గాని, వారు పోయిన తరువాత అడుగనివారు లేరు.

1816లో నాయుడుగారు పరమపదించిరి. విడిచిపోయిన నిక్షేపము ఏబది లక్షల రూపాయలని చెప్పుకొందురు. ఇద్దరు దత్తపుత్రుల నడుమ తగవు రాజుకొన్నది. ముందు జిల్లా కోర్టులు, పిమ్మట మదరాసు సదరు అదాలతు, తుదకు సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలు. జగన్నాథబాబుగారు 1825లో మరణించిరి, వ్యాజ్యము మరణింపలేదు. ఇండ్లలోని స్త్రీలు వాది ప్రతివాదులైరి. రంగమ్మ, అచ్చమ్మ అను పేర్లతో ఆ వ్యాజ్యము న్యాయశాస్త్ర గ్రంథములకు ఎక్కినది. 1846లో ప్రీవీ కౌన్సిలు తీర్పు వచ్చెను. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా చేసికొన్న రెండవ దత్తత చెల్లదని దాని సారాంశము. అప్పటి నుండి దేశమున ఏ కోర్టులో దత్తత తగవు వచ్చినను వకీళ్ళు ఈ తీర్పును చూపుచు వచ్చిరి. కృష్ణ ఒడ్డున ఒక నగరులో పుట్టిన తగవు హిందూ ధర్మశాస్త్రములో ఒక సూత్రమును స్థిరపరచినది.

కాని గెలిచినవారికి మిగిలినదేమి? తండ్రి పోయిన ముప్పది ఏండ్లలో నిక్షేపము వ్యాజ్యపు ఖర్చులకు, పేష్కషు బకాయిలకు కరగిపోయెను. నడుమ 1832-33లో, నందన నామ సంవత్సరమున, డొక్కల కరువు వచ్చి పడెను. గుంటూరు జిల్లాలోని అయిదు లక్షల జనములో లక్షన్నర నుండి రెండు లక్షల వరకు నశించిరని లెక్కలు. పండించువారే పోయిన తరువాత పన్ను ఎచ్చటిది? బకాయిలు కొండలై పెరిగెను. 1840 తరువాతి ఏండ్లలో వాసిరెడ్డి వారి సంస్థానమును, గుంటూరు సీమలోని తక్కిన పెద్ద జమీందారీలును ఒక్కటొక్కటిగ ప్రభుత్వము పాలై, రయత్వారీలో చేరిపోయెను. దేశమున జమీందారీలను రద్దు చేయుచు మదరాసు చట్టము వచ్చినది 1948లో. మన వైపున అంతకు నూరేండ్లకు పూర్వమే అవి కూలిపోయినవి.

ముగింపు

ఇంతకును ఈ జీవితమును ఎట్లు తూచవలెను? నాయుడుగారే తులాభారము తూగినవారు. ఒక సిబ్బెలో మంగళగిరి గోపురము, అమరావతి వీధులు, చేబ్రోలు కోనేరు, పండితుల ఆదరణ, కత్తి దూయక జనులను యుద్ధము నుండి తప్పించిన వివేకము పెట్టవచ్చును. రెండవ సిబ్బెలో విందుకు వచ్చి తిరిగి వెళ్ళని చెంచుల తలలు, కళ్ళములో రైతు విడిచిన ధాన్యము, రెండు దత్తతలతో చేతులార తెచ్చుకొన్న వంశకలహము పెట్టవలెను. ఏది మొగ్గునో చదువరులే చూచుకొందురు గాక. గోపురము ఎంత ఎత్తైనను నరుకుళ్ళపాడు పేరు మారలేదు. ఆ పేరు ఎంత భయంకరమైనను గోపురము ఒరగలేదు. జనులు రెండింటిని ఉంచుకొనిరి.

నాయుడుగారు తమకై ఉంచుకొన్నదేదియు నిలువలేదు. నిక్షేపము పోయెను, నగరు పాడుపడెను, సంస్థానము చేతులు మారెను, కోరి తెచ్చుకొన్న పుత్రులు కోర్టుకెక్కిరి. నలుగురికై కట్టినది నిలిచినది. తల్లిదండ్రుల పేర పెట్టిన ఊళ్ళు ఈనాటికిని సంతలతో, బండ్లతో కళకళలాడుచున్నవి.

ఆ రోజులలో ఒక గ్రంథము వెలువడవలెనన్న రాజుగారి అనుగ్రహము కావలెను. వెలువడిన గ్రంథము నగరులో తాళపత్రముల కట్టయై ఉండెడిది. పల్లెలోని కాపు దానిని చూచుటయే అరుదు. తరువాతి కాలమున వేటపాలెము సారస్వత నికేతనము వంటి సంస్థలు 1918 నాటి నుండియు మన వైపున వెలయుట వలన ఆ కట్టలు విప్పబడినవి. మన గ్రంథాలయము చిన్నదే. దీనిని కట్టుటకు ఏ రాజును సువర్ణము తూచలేదు. పంట చేతికి వచ్చినపుడు ఇంటింటివారు తలా కొంత వేసికొనిరి. ఈ ఇరువదియైదేండ్లలో దీనిలో కూర్చుండి చదివినవారు రాజుల కథను రాజాస్థానమున నిలిచి గాక, తమ అరుగుపై కూర్చుండి విచారింపగల స్వాతంత్ర్యము సంపాదించిరి.

ఇక జగ్గయ్యపేట బస్సెక్కినపుడు, అచ్చంపేట సంతకు పోయినపుడు, నరుకుళ్ళపాడు మీదుగ నడచినపుడు, పిల్లలు ఆ పేరు ఎట్లు వచ్చినదని అడిగినచో, మూడు కథలను చెప్పవలెను. ఏ ఒక్కటియు దాచరాదు.